రెండిళ్ళ పద్నాలుగు రోజులు

మా అత్త చిన్నకొడుకు ఇంటి నుంచి తిరిగొచ్చిన ప్రతిసారీ నేను మొదట చూసేది ఆమె ముఖం కాదు, చేతిసంచి. అందులో కొత్తగా ఏమొచ్చిందో చూడకపోతే నాకు ఆ పూట అన్నం సహించేది కాదు. ఒకసారి మెత్తటి స్వెటరు, ఒకసారి కళ్ళజోడుకు కొత్త డబ్బా, ఇంకోసారి కాళ్ళకు మేజోళ్ళు. అన్నీ మా తోడికోడలు కొనిచ్చినవే. పైకి "బాగుండాది కదత్తా" అనేదాన్ని. లోపల మాత్రం, ఇన్నేళ్ళు ఈ మనిషికి వండిపెట్టింది నేను, ఒక జత మేజోళ్ళు తొడిగి మంచిపేరు కొట్టేసింది ఆమె అని కుళ్ళిపోయేదాన్ని.

కుళ్ళు అనే మాట కావాలనే రాస్తున్నాను. అసూయ అంటే చదువుకున్నవాళ్ళకు వచ్చే జబ్బులాగా కాస్త గౌరవంగా వినిపిస్తుంది. నాది అంత మర్యాదస్తురాలి జబ్బు కాదు.

మేము హిందూపురం వైపు నుంచి వచ్చి యశవంతపురంలో స్థిరపడినవాళ్ళం. మా ఆయన దొడ్డబళ్ళాపురంలో ఒక మిల్లులో పనిచేసేవాడు. తెల్లారి బస్సెక్కితే మళ్ళీ దీపాలు పెట్టే వేళకు దిగేవాడు. నేను ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేదాన్ని. మామ పోయాక అత్త మా దగ్గరే ఉండింది. తొంభైల్లో ఆ పదేళ్ళూ ఆ ఇంట్లో నా రాజ్యమే. మరిది చదువుకుంటూ హాస్టళ్ళలో తిరిగేవాడు. అత్తకు ఏం కావాలన్నా నన్నే పిలవాలి.

ఆమె నన్ను ఎక్కువగా పిలిచేది గ్యాస్ మాత్ర కోసం. మధ్యాహ్నం రాగిముద్ద, సారు తిని గోడకు ఆనుకుని కూర్చున్నాక కాసేపటికి బొటనవేలితో రొమ్ము మధ్య రుద్దుకోవడం మొదలుపెట్టేది. పులిత్రేన్పులు, గొంతు దాకా మంట. మొదటిసారి గుండెపోటేమోనని హడలిపోయి వీధి చివరి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన పరీక్ష చేసి, గుండె బాగుంది, కడుపులో ఆమ్లం పైకి తన్నుతోంది, తిన్న వెంటనే పడుకోనివ్వద్దు, కాఫీలు తగ్గించమనండి, మరీ మంటగా ఉంటే ఒక మాత్ర నమిలించండి అన్నాడు. కాఫీలు తగ్గించమన్నది అత్త వినలేదు. మాత్ర నమలమన్నది మాత్రం బాగా విన్నది. పుదీనా వాసన వచ్చే ఆ తెల్లమాత్రల పట్టీని కొంగున ముడేసుకుని తిరిగేది. మెడికల్ షాపతను నన్ను దూరం నుంచి చూసే చెయ్యి అరలోకి పోనిచ్చేవాడు. చీటీ అడిగింది లేదు, ఎవరికని అడిగింది లేదు.

"నువ్వు తెచ్చిచ్చే మాత్రే నాకు పట్టుతాది" అనేది అత్త. షాపులో అందరికీ అమ్మే మాత్రే అని తెలిసినా ఆ మాటకు నేను పొంగిపోయేదాన్ని. అదీ నా తెలివి.

రెండువేలు దాటాక మరిదికి పెళ్ళయింది. అమ్మాయి హైదరాబాదు. ఇద్దరూ సాఫ్ట్‌వేరే. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో లిఫ్టున్న బిల్డింగులో మూడో అంతస్తు ఇల్లు. నేను పుట్టినప్పటి నుంచీ విన్న "అత్తా" అనే పిలుపు ఆ పిల్ల నోట్లో "అత్తయ్యా" అయింది. ఆ ఒక్క అక్షరం ఎక్కువైనందుకే మా అత్త కరిగిపోయినట్టు నాకు అనిపించేది. పెళ్ళయిన ఏడాదికి మరిది వచ్చి, అమ్మ నాక్కూడా అమ్మే కదా వదినా, మా దగ్గర కూడా ఉండాలి అన్నాడు. కాదనడానికి నాకు నోరు రాలేదు. ఇవ్వాలని మనసూ రాలేదు.

వంతులు ఏర్పడ్డాయి. దానికి తేదీలు పెట్టింది అత్తే. ఆమె నెలకు రెండు ఏకాదశులూ ఉపవాసం ఉండేది. కాఫీ తప్ప ఏమీ ముట్టేది కాదు. మర్నాడు ద్వాదశి పొద్దున పారణ, అంటే ఉపవాసం విడిచి చేసే భోజనం, వంతు మారి వెళ్ళే ఇంట్లో చెయ్యాలని ఆమె నియమం. కొత్త ఇంట్లో అడుగుపెట్టాక మొదటి పని అన్నం తినడం అయితే ఆ ఇంటికి మంచిదట. ఒక ద్వాదశికి మా ఇంటికి, తర్వాతి ద్వాదశికి వాళ్ళింటికి. పంచాంగం చూసి ఇద్దరు కొడుకులూ ఆటో మాట్లాడేవాళ్ళు.

అత్తకు ఇంకో నియమం ఉండేది. ఆ ఇంటి మాట ఈ ఇంట్లో ఎత్తదు, ఈ ఇంటి మాట ఆ ఇంట్లో ఎత్తదు. ఆమె అత్తగారింట్లో నలుగురు తోడికోడళ్ళ మధ్య మాటలు మోసి ఇల్లు నాలుగు ముక్కలైందట. అందుకని ఒట్టు పెట్టుకుంది. నేను మాటల్లో పెట్టి ఎంత లాగినా ఏమీ చెప్పేది కాదు. "అక్కడ ఏం వండిందత్తా?" అంటే "అన్నమే" అనేది. "నీకు నచ్చిందా?" అంటే "అన్నం నచ్చకుండా పోతాదా" అనేది. అంతే. నాకు ఒళ్ళు మండిపోయేది. చెప్పడం లేదంటే అక్కడ అంత సుఖపడుతోందని నా లెక్క.

ఆ ఇంటి నుంచి సంచిలో ఒకరోజు క్యాప్సూళ్ళ పట్టీ వచ్చింది. దాంతోపాటు ఒక కాగితం. తోడికోడలు ఆఫీసులో ఇంటర్నెట్టు చూసి ప్రింటు తీసింది. ఇంగ్లీషు వాక్యాల కింద పెన్నుతో తెలుగులో రాసింది. చుక్కల్లాంటి ముత్యాల అక్షరాలు, దానిక్కూడా నాకు కుళ్ళే. అదే సాయంత్రం ఫోను చేసి ఓపిగ్గా చెప్పింది. నమిలే మాత్రలు అప్పటికప్పుడు ఉపశమనమే తప్ప ఇంత తరచుగా మంట వచ్చేవాళ్ళకు చాలవు అక్కా, ఈ క్యాప్సూల్ పొద్దున్నే కాఫీకి అరగంట ముందు వేయాలి, నమలకూడదు, పద్నాలుగు రోజులకు మించి డాక్టరును అడగకుండా వేయకూడదు అంది. తను అత్తకు ఆ పద్నాలుగు రోజులూ వేసింది, మంట బాగా తగ్గింది అంది.

నేను ఏమన్నానో ఇప్పటికీ మాటకు మాట గుర్తుంది. మా ఇంట్లో అవన్నీ అక్కర్లేదమ్మా, జీలకర్ర కషాయం పెడతా, దానికే సర్దుకుంటాది అన్నాను. ఫోను పెట్టేసి మిషను దగ్గర కూర్చుని నా మాటకు నేనే మెచ్చుకున్నాను. మీ ఇంట్లో మందు కావాలి, మా ఇంట్లో వంటిల్లు చాలు అని చెప్పకుండా చెప్పినట్టయింది కదా.

కానీ మర్నాడు అత్త రొమ్ము రుద్దుకుంటుంటే నాకు భయమేసింది. అక్కడ మంట లేకుండా ఉండి ఇక్కడ మంటతో ఉంటే తప్పు నా వంట మీదికి వస్తుంది. కషాయం ఒక పక్క కాస్తూనే మెడికల్ షాపుకు వెళ్ళి అదే క్యాప్సూల్ తెచ్చాను. అత్త అడగలేదు. ఇస్తే వేసుకునేది, అంతే. పద్నాలుగు రోజుల మాట మాత్రం నేను నిక్కచ్చిగా పాటించాను. ఆ పిల్ల చెప్పిన నియమంలో నేను ఒక్కరోజు తప్పానని ఎవరూ వేలెత్తి చూపకూడదు. గోడ మీది కన్నడ క్యాలెండర్లో ద్వాదశి నాడు ఒక గీత, దశమి నాడు ఇంకో గీత. సరిగ్గా పద్నాలుగు. పదిహేనోరోజు ఏకాదశి, ఎలాగూ ఏమీ తినదు కాబట్టి మాత్రా ఉండదు. మర్నాడు ఆటో ఎక్కి వెళ్ళిపోయేది.

కాగితంలో ఇంకా చాలా వాక్యాలుండేవి. మొదటి రెండూ చదివి, మిగతాది ఆమె చదువు చూపించుకోవడానికి రాసిందనుకుని, మడిచి మిషను సొరుగులో పడేశాను.

అట్లా ఏడాదిన్నర గడిచింది. వంతు మారి వచ్చిన పూట తప్ప అత్తకు మంట అనే మాటే లేదు. ఇద్దరు కోడళ్ళమూ ఎవరి ఇంట్లో వాళ్ళం, మా వల్లే తగ్గిందని అనుకున్నాం.

తర్వాత అత్త తిండి తగ్గింది.

మొదట చపాతీ మానేసింది. పళ్ళు పట్టడం లేదంది. తర్వాత ముద్దను సారులో మునిగేదాకా కలిపి, గోలీల్లాంటి చిన్న ఉండలు చేసి, ఒక్కో ఉండకూ ఒక గుక్క నీళ్ళు తాగేది. ముద్దను నమలకుండా మింగడం మాకు పుట్టుకతో వచ్చిన విద్య. పిడికెడు ముద్దను గుటుక్కున మింగే మనిషి ఇట్లా తింటుంటే నేను పక్కనే కూర్చుని చూస్తూ ఏమనుకున్నానో చెబితే మీరు నన్ను అసహ్యించుకోవచ్చు. నా చేతివంట ఆమెకు రుచించడం లేదు అనుకున్నాను. అక్కడి మెత్తటి పులావులకు, గిన్నెల్లో పోసిచ్చే సూపులకు నాలుక అలవాటు పడిందనుకున్నాను. ఒకరోజు సగం పళ్ళెం నెట్టేసి "చాలమ్మా" అంటే, "అక్కడైతే తింటావేమో" అని నోరు జారాను. అత్త నా వైపు చూసి, ఆ సగమూ దగ్గరికి లాక్కుని నీళ్ళు పోసి కలిపి తాగేసింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మింగలేక వచ్చిన నీళ్ళని నాకు తెలియలేదు. నన్ను సాధించడానికి తిన్నదనుకున్నాను.

ఒక సంగతి మాత్రం నాకు తెలిసి తీరాలి. ఎందుకంటే అది నా పని. దసరాకు ఆమె జాకెట్లు భుజాల మీద నిలవడం లేదని నేనే పక్కకుట్లు వేసి బిగించాను. మూడు నెలలు తిరక్కుండా మళ్ళీ వదులయ్యాయి. టేపు పెట్టి కొలిచాను. చుట్టుకొలత మూడంగుళాలు తగ్గింది. వీధిలో ఏ ఆడమనిషి ఒక అంగుళం తగ్గినా, ఏమ్మా ఒంట్లో బాగుందా అని అడిగేదాన్ని. నా ఇంట్లో మూడంగుళాలు తగ్గితే టేపు చుట్టి పక్కన పెట్టి, మళ్ళీ కుట్లు వేశాను. ఆ ఇంటి మీద బెంగతో చిక్కిపోతోందని నిర్ణయించేసుకున్నాను. బెంగ కూడా నా మీద పెట్టుకోదే అని ఏడ్చాను కూడా.

అప్పుడొక మధ్యాహ్నం తోడికోడలు ఆఫీసు నుంచి ఫోను చేసింది. అత్త నా పక్కనే చాప మీద కూర్చుని శనగలు ఏరుతోంది.

"అక్కా, అత్తయ్య మీ దగ్గర సరిగ్గా తింటున్నారా?" అని అడిగింది. "ఇక్కడ ఏం పెట్టినా రెండు ముద్దలకే ఆపేస్తున్నారు. మింగడానికి కష్టంగా ఉందేమోనని నాకు డౌటు."

నాకు వినిపించింది మింగడం గురించి కాదు. ఆమె ఇంట్లో తినడం లేదన్నమాట ఒక్కటే వినిపించింది. ఇన్నాళ్ళుగా నేను తెలుసుకోవాలని చచ్చిపోయిన సంగతి అది. అక్కడా తినడం లేదు. అంటే ఆ పులావులు, సూపులు ఏవీ గెలవలేదు. ఆ సంతోషంలో నా నోటికి ఏదొస్తే అది అన్నాను.

"ఇక్కడ బాగా తింటాదమ్మా. మా ఇంటి ముద్ద అలవాటు కదా. రెండు పూటలా తింటాది."

ఆమె "అవునా... సరే అక్కా" అని చిన్నగా అని పెట్టేసింది. అత్త శనగల మీద నుంచి తలెత్తి నన్ను చూసింది. నేను సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు తల వంచుకున్నాను. ఆ సాయంత్రం లోపల మూడు జాకెట్లు పూర్తి చేశాను. అంత హుషారుగా నేను కుట్టి ఎన్నాళ్ళయిందో.

తర్వాత రెండు నెలలకు, మా వంతు మొదలైన ద్వాదశి పొద్దున, పారణకని ఉప్మా చేశాను. అత్త రెండో ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. నీళ్ళు తాగింది. తాగిన నీళ్ళు తాగినట్టే వెనక్కి వచ్చాయి. మళ్ళీ తాగబోయింది, మళ్ళీ వచ్చాయి. ఊపిరి ఆడుతోంది, మాట వస్తోంది, ఉమ్ము మాత్రం మింగలేక కొంగుతో తుడుచుకుంటోంది. "ఇక్కడ నిలిచిపోయిందమ్మా" అని రొమ్ము మీద వేలు పెట్టి చూపించింది. మా ఆయన మిల్లులో ఉన్నాడు, ఆయన వచ్చేసరికి రెండు గంటలు. మరిది ఊళ్ళో లేడు. నాకు గుర్తొచ్చిన నంబరు ఒక్కటే. దాన్ని నొక్కడానికి కూడా నాకు, ఆ పరిస్థితిలో కూడా, ఒక్క క్షణం మనసొప్పలేదు.

ఫోనులో తోడికోడలు చెప్పిన ఆసుపత్రికి అత్తను ఆటోలో తీసుకెళ్ళాను, ఆమె నేరుగా అక్కడికే వచ్చింది. ఆఫీసు గుర్తింపుకార్డు మెడతాడు మెడలో అట్లాగే ఉండింది. ముగ్గురం డాక్టరమ్మ ముందు కూర్చున్నాం. ఆమె కన్నడంలో అడుగుతోంది, మేము కన్నడం, తెలుగు కలిపి చెబుతున్నాం. మింగడానికి ఎప్పటి నుంచి ఇబ్బంది అని అడిగింది. అత్త కొంగు అడ్డం పెట్టుకునే, ఈ రోజే, ఉప్మా కొంచెం గట్టిగా ఉండె, అంతే అంది. తోడికోడలు ఆగలేకపోయింది. లేదు డాక్టర్, మా ఇంట్లో ఆరు నెలలుగా సరిగ్గా తినడం లేదు, అక్క దగ్గరైతే బాగానే తింటారు అని చెప్పింది. అత్త వెంటనే తలూపింది. అవును, పెద్దకోడలి ఇంట్లో బాగా తింటాను అంది.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "ఒక మనిషికి రెండు ఇళ్ళల్లో రెండు గొంతులుండవమ్మా. లోపలికి గొట్టం పంపే ముందు నాకు నిజం తెలియాలి. ఎవరు చెబుతారు?"

అత్త నా వైపు చూడలేదు. చూసి ఉంటే నేను చెప్పగలిగేదాన్ని కాదేమో. గోడ వైపు చూస్తూ, నా అబద్ధాన్ని తన మీద కప్పుకుని కూర్చుంది.

"మా ఇంట్లో కూడా తినడం లేదు" అన్నాను. "ఆరు నెలలు దాటింది. జాకెట్టు మూడంగుళాలు తగ్గింది. నాకు తెలుసు. ఈమెకు ఫోనులో అబద్ధం చెప్పినాను."

ఒకసారి మొదలయ్యాక ఆగలేదు. కషాయం సంగతి, దాని చాటున వేసిన క్యాప్సూళ్ళ సంగతి కూడా చెప్పేశాను. ఏ క్యాప్సూల్, ఎన్ని రోజులు అని డాక్టరమ్మ అడిగితే, ఇద్దరమూ ఒకేసారి "పద్నాలుగు రోజులే" అన్నాం. అన్నాక ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఏ పద్నాలుగు రోజులు అని అడిగింది ఆమె. టేబుల్ మీది క్యాలెండరు మా ముందుకు తిప్పింది. ద్వాదశి నుంచి దశమి దాకా నావి. మళ్ళీ ద్వాదశి నుంచి దశమి దాకా తోడికోడలివి. వేళ్ళు పెట్టి వెనక్కి పోతూ ఉంటే ఖాళీగా మిగిలింది ఏకాదశులు మాత్రమే. ఏడాదిన్నర పైన అత్త ఆ మందు ఉపవాసం రోజు తప్ప ఒక్కరోజు కూడా మానలేదు. ఉపవాసం నాటి కాఫీలతో మంట లేస్తుంది, ఆ మంటతోనే రెండో ఇంటికి వస్తుంది, వాళ్ళు మళ్ళీ మొదటిరోజు నుంచి లెక్క మొదలుపెడతారు. ఇద్దరమూ నియమం తప్పలేదు. ఇద్దరమూ దానికి గర్వపడ్డాం.

నాలుగు నెలల్లో ఒక్కసారే ఆ కోర్సు అని కూడా రాసుంటుందే అంది డాక్టరమ్మ. తోడికోడలు తలొంచుకుంది. చదివాను డాక్టర్, కానీ రాగానే మంట అనేవారు, మధ్యలో రెండు వారాలు అక్క దగ్గర మందు లేకుండానే ఉంటున్నారు కదా, ఆ గ్యాప్ చాలనుకున్నాను అంది. మందు లేకుండా ఉంటున్నారని ఆమెకు చెప్పింది ఎవరో చెప్పనక్కర్లేదు.

డాక్టరమ్మ మమ్మల్ని తిట్టలేదు. మందు చెడ్డది కాదు, మంటను బాగా ఆపింది, ఆపింది కాబట్టే లోపల ఏం జరుగుతోందో ఎవరూ చూడలేదు అంది. పద్నాలుగు రోజులకు తగ్గకపోయినా, తగ్గి మళ్ళీ మళ్ళీ వచ్చినా చూపించుకోవాలి, మింగుడు పడకపోతే, ఒళ్ళు తగ్గితే, మలం నల్లగా వస్తే ఇంక ఒక్కరోజు కూడా ఆగకూడదు అంది. ఆ మాటలన్నీ నా మిషను సొరుగులో ముత్యాల అక్షరాలతో పడి ఉన్నాయని నేను తర్వాత ఇంటికొచ్చి చూసుకున్నాను. మింగడానికి ఇబ్బంది అన్న వాక్యం కింద ఆ పిల్ల రెండు గీతలు గీసి పెట్టింది.

అత్తను లోపలికి తీసుకెళ్ళాక వరండాలో బెంచీ మీద ఇద్దరమే మిగిలాం. ఆమె నన్ను నాలుగు మాటలంటే బాగుండునని ఎదురుచూశాను. మెడతాడును వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ చాలాసేపు కూర్చుంది. చివరికి నా వైపు తిరగకుండానే మాట్లాడింది.

"ఆ రోజు ఫోను చేసేముందే స్పెషలిస్టు అపాయింట్‌మెంట్ తీసుకున్నాను అక్కా. మీ దగ్గర బాగా తింటున్నారని చెప్పారుగా, క్యాన్సిల్ చేశాను. నా వంటే బాలేదేమో అనుకున్నా. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ వాళ్ళావిడ దగ్గర రోజూ పొద్దున్నే రాగిముద్ద కెలకడం నేర్చుకుంటున్నా."

నేను ఆమె మీద కుళ్ళుకుంటున్నంత కాలమూ ఆమె నాలాగా వండాలని చేతులు కాల్చుకుంటోంది. ఆమె కుడి మణికట్టు మీద మచ్చ అప్పుడు చూశాను. క్షమించమ్మా అన్నాను. ఆమె లేచి, అత్తను తీసుకెళ్ళిన తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడింది.

ఇరుక్కున్నది తీసేశారు. ఏళ్ళ తరబడి ఆమ్లం పైకొచ్చి అన్నవాహిక కింది భాగం పుండై, మాని, మళ్ళీ పుండై, మచ్చకట్టి ఇరుకైపోయిందన్నారు. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఆ ముక్క ఎందుకో డాక్టరమ్మ పేరు పెట్టి చెప్పలేదు, మేము అడగలేదు. పడక మీద అత్త పక్కన ఒంటరిగా కూర్చున్నప్పుడు నేను అడిగాను, డాక్టరు ముందు ఎందుకట్లా చెప్పినావత్తా అని.

"నువ్వు ఫోనులో ఆ మాట అనేస్తివి. నీ మాట పొల్లుపోనిస్తానా" అంది. గొంతు బొంగురుగా ఉండింది. "తిందామనే చూస్తి నాయనా. దిగలేదు."

ఆ ఫోను తర్వాతి రెండు నెలలూ నేను పెట్టిన పళ్ళెంలో ముద్ద మిగలకూడదని ఆమె ఎందుకు అంత కష్టపడి తాగిందో నాకు అప్పుడు అర్థమైంది. నేను చెప్పిన అబద్ధాన్ని నిజం చేయడానికి ప్రయత్నించింది. దిగకపోయినా, నీళ్ళు పోసుకుని మరీ.

ఫలితం వచ్చేదాకా వారం. ఆ వారం మా వంతే. కానీ ఆసుపత్రికి దగ్గర వాళ్ళిల్లే, పైగా తోడికోడలు సెలవు పెట్టింది. అక్కడికే తీసుకెళ్ళమని నేనే అన్నాను. మంచితనంతో అనలేదు. అనకుండా ఉండే ముఖం నాకు లేదు కాబట్టి అన్నాను. రోజూ రెండు బస్సులు మారి వెళ్ళి చూసి వచ్చేదాన్ని. ముక్క మంచిదేనని తెలిసిన రోజు మా ఆయన బస్టాండులో నిలబడి ఏడ్చాడు. తర్వాత రెండుసార్లు గొట్టం పంపి ఆ ఇరుకును వెడల్పు చేశారు. మళ్ళీ అదే క్యాప్సూల్ రోజూ వేయమన్నారు, విరామం లేకుండా. నేను తెల్లబోతే డాక్టరమ్మ నవ్వి, మందు అదే, ఈసారి చూసేవాళ్ళు ఉన్నారు అంది. మూడు నెలలకోసారి చూపించాలి. నమిలే మాత్ర అవసరమైతే, అత్త రోజూ వేసుకునే బీపీ మాత్రకు రెండు గంటలు ఎడంగా. తిన్నాక మూడు గంటలదాకా నడుం వాల్చకూడదు. ఇంటికో కాగితం కాదు, ఒకే కాగితం, అత్తతో పాటు సంచిలో తిరగాలి.

రెండోసారి వెడల్పు చేసిన మర్నాడు నేను హెచ్‌ఎస్‌ఆర్ వెళ్ళాను. టిఫిన్ క్యారియర్లో పల్చగా రాగి అంబలి కాచి తీసుకెళ్ళాను, ఈ పూటైనా నా చేత్తో పెడదామని. నేను వెళ్ళేసరికే అత్త బల్ల దగ్గర కూర్చుని ఉంది. తోడికోడలు పక్కన కూర్చుని గిన్నెలోంచి గంజిలాగా జారుగా కలిపిన ముద్ద, సారు చెంచాతో అందిస్తోంది. నేను క్యారియరు చేతిలో పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాను. అత్త ఒక చెంచా మింగింది. నీళ్ళు అడగలేదు. రెండోది మింగింది. మూడోది. గొంతు పైకి లేచి కిందికి దిగడం నాకు అక్కడిదాకా కనిపిస్తోంది. గిన్నె ఖాళీ అయింది. "బాగుండాది" అంది అత్త. నా ఇంట్లో ఆ మాట ఆమె నోట విని ఎంతకాలమైందో.

ఆ గిన్నె నాది కానందుకు నాకు కష్టంగానే ఉండింది. అంత జరిగాక కూడా ఉండింది. తోడికోడలు నన్ను చూసి లేవబోయింది, నా చేతిలో క్యారియరు చూసి ఏమనుకుందో, అత్తయ్యకు మీరు పెట్టండి అక్కా అని చెంచా ఇవ్వబోయింది.

"నువ్వే పెట్టమ్మా" అన్నాను. "ఇంకో గరిటె వెయ్యి. దిగుతా ఉండాది."